నారింజవన్నె సూర్యులు – చెన్నపురి నక్షత్రశాల

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల తాలూకాలు చెన్నపురి రాజధానికి లోబడియున్న దినములలో, అనగా 1855వ సంవత్సరమున, ఆ చెన్నపట్టణమునుండి యొక వింత వార్త లండనునకు పోయెను. మన సూర్యుని కుటుంబమునకు వెలుపల, వేరొక నక్షత్రమునకును గ్రహముండవచ్చునని ఆ వార్త. పంపినవాడు కుంపిణీవారి నక్షత్రశాలాధికారియగు కెప్టెన్ విలియం స్టీఫెన్ జేకబ్.

ఆ శాల 1792లో నుంగంబాకమున వెలసెను. దాని యంత్రమును మోసిన రాతిస్తంభముపై తెలుగు శాసనము కూడ చెక్కబడినది. స్తంభము నేటికిని అచ్చటనే యున్నది. జేకబ్ కాలమున అందు పనిచేసినవారిలో చింతామణి రఘునాథాచార్యులొకరు. పిదప 1867లో వెలుగు హెచ్చుతగ్గులు గల యొక నక్షత్రమును కనుగొని, దృగ్గణిత పంచాంగమునకై పాటుపడినవారు వీరే. పంచాంగము చూచి ముహూర్తము పెట్టు పెద్దలు ఈ పేరు మరువరాదని నా మనవి.

జేకబ్ పరీక్షించినది ఓఫియూకస్, అనగా పామును పట్టినవాడు, అను మండలములోని 70వ నక్షత్రము. ఆషాఢ శ్రావణములలో మబ్బులేని రాత్రి, జ్యేష్ఠా శ్రవణ నక్షత్రముల నడుమ, కొంచెము ఉత్తరముగా, మన నడినెత్తికి దాపున నుండును. కంటికి మసక చుక్కయే. దుర్భిణితో చూచిన రెండగును. ఈ సంగతిని 1779లో విలియం హెర్షెల్ కనిపెట్టెను. రెండును మన సూర్యునికంటె చిన్నవి, వేడిమి తక్కువవి. పులివెందుల తోటలలో బాగుగ పండిన చీనీకాయ వన్నె గలవి. ఇట్టివానిని నారింజవన్నె మరుగుజ్జు నక్షత్రములందురు. నిదానముగా మండుటచే వీని యాయువు సూర్యుని యాయువును మించినది. అచ్చటి వెలుతురు మనలను జేరుటకు 17 ఏండ్లకు కొంచెము తక్కువ పట్టును.

ఈ రెండును 88 ఏండ్ల కొకసారి ఒకదాని నొకటి చుట్టివచ్చును. మన ఆడపిల్లలు చేతులు పట్టుకొని ఒప్పులకుప్ప తిరుగుదురు గదా! వారిలో నొకతె చంకలో పసిబిడ్డ యున్నచో ఆ తిరుగుడు కొంచెము తూలును. దూరమునుండి చూచువానికి బిడ్డ కనబడకున్నను తూలుట కనబడును. జేకబ్ తర్కమును ఇదియే. లెక్కకు వచ్చిన దారిని నక్షత్రము సరిగా నడువలేదు. కావున కానరాని గ్రహమొకటి లాగుచుండుట మిక్కిలి సంభావ్యమని వ్రాసెను. చూచితినని వ్రాయలేదు. ఆ జాగ్రత్త నాకు గౌరవనీయముగా తోచుచున్నది.

అయితే కొలత యెంత సూక్ష్మమో తలపోయుడు. రూపాయిబిళ్లను ముక్కాలు కిలోమీటరు దూరమున నిలిపిన నెంత వెడల్పుగ తోచునో, ఆ రెండు చుక్కల నడిమి యెడము నాడు ఇంచుమించు అంత. తూలుట అందులో స్వల్పభాగము. కొలతలోని చిన్న పొరపాటే గ్రహమై కనబడుటకు చాలును. జేకబ్ 1862లో పూనాలో కాలధర్మము చెందెను. 1896 ప్రాంతమున అమెరికాలో సీ యనునతడు కానరాని తోడు నిజమనెను. మౌల్టన్ 1899లో లెక్కవేసి, అట్టి మూడవ పిండము ఆ జంట నడుమ నిలువజాలదని త్రోసిపుచ్చెను. 1943లో మరల గ్రహమన్నవారుండిరి. 1988లో హైంట్జ్ దానిని కూడ ఖండించెను. నేటివరకు ఆ నక్షత్రమునకు గ్రహము స్థిరపడలేదు.

కాని తూలుటను బట్టి కానరానిదాని నూహించు మార్గము చెడలేదు. నక్షత్రము మనవైపు వచ్చునప్పుడును, తొలగునప్పుడును దాని వెలుగులో గలుగు కొద్దిపాటి రంగుమార్పును కొలిచి, 1995లో మేయర్, కెలోజ్ అను స్విస్ పండితులు సూర్యునివంటి నక్షత్రమునకు గ్రహమును కనుగొనిరి. 2000లో, పదిన్నర కాంతిసంవత్సరముల దూరమునగల ఎప్సిలాన్ ఎరిడాని యను నారింజవన్నె నక్షత్రమునకును గ్రహమున్నదని ప్రకటించిరి. 2013లో కెప్లర్ 62 అనుదానికి ఐదు గ్రహములు తేలినవి. ఇచ్చట పద్ధతి వేరు: గ్రహము అడ్డుగా పోవునప్పుడు నక్షత్రపు వెలుగు రవంత తగ్గును, గ్రహణమువంటిదే. అది కూడ జేకబ్ చూచినవానివలె నారింజవన్నె మరుగుజ్జే.