మోకుకు పట్టుంది, విడుపేది?

2024 జూలై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గౌడుల దేవుడు కాటమయ్య పేరు పెట్టిన రక్షణ కిట్లను గీత కార్మికులకు అందించారు. అప్పటి నుంచి ఒక మాట స్థిరపడిపోయింది: అంతకుముందు తాడెక్కేవాడికి రక్షణే లేదని. ఆ మాట సగమే నిజం. మోకు మరేమిటి?

గీసేవాడు మోకు తాడును చెట్టుకూ తన నడుముకూ కలిపి ఒకే చుట్టుగా వేసుకుంటాడు. పాదాలను గుజి అనే చిన్న తాడు చుట్టులో దూరుస్తాడు. పైకెళ్లాక వెనక్కి వాలి బరువంతా మోకు మీద వేస్తే రెండు చేతులూ ఖాళీ అవుతాయి. ఒక చేత గెల, ఇంకో చేత కత్తి. విదేశాల్లో చెట్లు నరికే పనివాళ్లు నడుముకు కట్టుకునే పట్టీ చేసేదీ ఇదే. మోకు మోటుదే కానీ తెలివితక్కువది కాదు.

దీని పుట్టుపూర్వోత్తరాల మీద పెద్దగా ఆగనక్కర్లేదు. గీత కులంలో పుట్టి తిరగబడ్డ సర్వాయి పాపన్న కథలు చెప్పేవాళ్లు గోల్కొండ దాకా వెళతారు గానీ మోకు దగ్గర ఆగరు. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాల మీద ఏడు సంపుటాలు వేశాడు. వాటిలో కల్లుగీసే ఈడిగలకూ గమళ్లకూ చోటుంది. కానీ అక్కడ ముందు కనబడేది కులం, తర్వాతే పని.

నా పేచీ కల్లు మీద పన్ను గుంజిన ఆబ్కారీ కాలంతో. 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టం చూపంతా లైసెన్సు మీదా, పన్ను మీదా, దొంగకల్లు మీదా ఉంది. అటు నిజాం రాజ్యంలోనూ కల్లు ఖజానాకు పెద్ద ఆదాయమే. గుత్తేదారు గుత్త పాడాడు, కింద గీతగాడు చెట్టుకింత చొప్పున కట్టాడు. చెట్టును లెక్కపెట్టారు, దానికి గుర్తు వేశారు. ఎక్కేవాడు మాత్రం ఏ లెక్కలోకీ రాలేదు. పన్ను కట్టిన చెట్టును వానొచ్చిందని వదిలేస్తే నష్టం ఎవరిది? తడిసిన బోదె మీద పాదం జారుతుందని తెలిసీ ఎక్కించింది ఆ లెక్కే అని నా అనుమానం. అన్ని పాపాలూ ఆబ్కారీ నెత్తిన వేయలేం, నిజమే. పన్ను లేకున్నా గెలను రోజూ గీయాల్సిందే. మానేస్తే కల్లు ఆగిపోతుంది. వయసు మీద పడ్డా ఎక్కినవాళ్లూ ఉన్నారు. అయినా 1968 ఎక్సైజ్ చట్టం, సొసైటీలు, గీసేవాడికే నేరుగా ఇచ్చే ‘ట్రీ ఫర్ ట్యాపర్’ లైసెన్సులు వచ్చాక కూడా సర్కారు మాట్లాడింది ఎక్కువగా పడ్డాక ఇచ్చే పరిహారం గురించే. పడకుండా ఏం చేయాలన్నది చాలా ఆలస్యంగా గుర్తొచ్చింది.

ఇక అసలు లోపం. పత్రికల్లో ‘మోకు జారి’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. జరిగేది రెండు రకాలు. పాదం తప్పితే మోకు వదులై బోదె వెంట జారిపోతుంది. లేదా నడుమో కాలో మోకులో ఇరుక్కుని మనిషి తలకిందులుగా వేలాడతాడు, ఇంకో గౌడన్న ఎక్కి దింపేదాకా. పట్టు లేకపోవడం ఒక చావు, విడుపు లేకపోవడం ఇంకో చావు. 1931లో కార్ల్ ప్రూసిక్ అనే ఆస్ట్రియా పర్వతారోహకుడు ప్రచారంలోకి తెచ్చిన ముడి బరువు పడితే బిగుస్తుంది, బరువు తీస్తే జరుగుతుంది. మోకు ఈ రెంటినీ నమ్మకంగా చేయదు.

బర్మావాళ్లు వేరే దారి పట్టారు. మనవాళ్లు రంగం (రంగూన్) రేవులో మూటలు మోసే రోజుల్లో, ఎగువన పగాన్ వైపు తాటిచెట్లకు సన్నని వెదురు నిచ్చెనలు కట్టి ఎక్కేవాళ్లు. నేటికీ అంతే. నిచ్చెన మీద కాలు నిలుస్తుంది, నడుముకు మాత్రం పట్టుండదు. అయితే గాలివానకు దెబ్బతిన్న చెట్టుకో, పిడుగుపడి చచ్చిన తాడికో నడుం కట్టుకున్నవాణ్ని ఆ పట్టే చంపుతుంది. చెట్టు కూలితే తనతో పాటు మనిషినీ లాక్కుపోతుంది. ఒక్క కొక్కెం విప్పితే వేరే తాడు మీద దిగిపోగలగాలి.

కొత్త కిట్‌లో తాళ్లు, కొక్కేలు, తొడలకు పట్టీలు ఉన్నాయి. కాలు జారినా మనిషి నేల మీద పడడు. అది చిన్న సంగతేమీ కాదు, మెచ్చుకోవాల్సిందే. నాకున్న శంకలు రెండు. ఉదయం పది చెట్లు ఎక్కిదిగేవాడు ప్రతి చెట్టుకూ వాటిని బిగించి విప్పే ఓపిక ఎన్నాళ్లు చూపిస్తాడు? రెండోది పెద్దది. పైన కళ్లు తిరిగి స్పృహ తప్పినవాణ్ని కిట్ ఆపుతుంది, దింపదు. పట్టీల్లో కదలకుండా వేలాడితే రక్తం కాళ్లలో నిలిచిపోతుంది. కొద్దిసేపట్లోనే ప్రాణం మీదికొస్తుంది. ఎక్కేవాడికి ఇచ్చిన శిక్షణ, కింద ఉండి దింపేవాడికీ ఇవ్వాలి.

నేను వెళ్లిన ఒక కల్లు మండువలో కిట్ సంచి గోడ మేకుకు వేలాడుతోంది. దాని పక్క మేకు ఖాళీగా ఉంది. అక్కడుండాల్సిన మోకు భుజానేసుకుని దాని యజమాని అప్పటికే చెట్ల వైపు వెళ్లిపోయాడు.