డీకప్లింగ్ కెపాసిటర్

డీకప్లింగ్ కెపాసిటర్ అనగా ఐసీ చిప్పు యొక్క విద్యుత్ సరఫరా పిన్నుకు, గ్రౌండు పిన్నుకు మధ్య, చిప్పుకు అతి సమీపంలో అమర్చే చిన్న కెపాసిటర్. మైక్రోకంట్రోలర్ బోర్డులలో ఇందుకు సాధారణంగా 100 నానోఫారడ్ల సిరామిక్ రకాన్ని వాడతారు. ఫ్యానులో కండెన్సర్ అని పిలిచేది కూడా కెపాసిటరే, అయితే దాని పని వేరు.

ఆవశ్యకత

మైక్రోకంట్రోలర్ కరెంటును ఏకరీతిగా తీసుకోదు. క్లాక్ సంకేతం మారిన ప్రతిసారీ లోపలి ట్రాన్సిస్టర్లు కొన్ని నానోసెకన్ల పాటు అధిక కరెంటును కోరుతాయి. బోర్డుపైని రాగి ట్రాకులకు ప్రేరకత్వం ఉండుట వలన అది వెంటనే అందదు. ఉదాహరణకు, 2 సెంటీమీటర్ల ట్రాకుకు సుమారు 20 నానోహెన్రీల ప్రేరకత్వం ఉందనుకుందాం. 5 నానోసెకన్లలో కరెంటు 50 మిల్లీఆంపియర్లు పెరిగితే చిప్పు వద్ద వోల్టేజి 0.2 వోల్టు పడిపోతుంది. దీనివలన అనలాగ్ కొలతలు తప్పుతాయి. పతనం ఇంకా ఎక్కువైతే చిప్పు దానంతటదే రీసెట్ అవుతుంది. ఇటువంటి దోషం ప్రోగ్రాములో ఎంత వెతికినా కనబడదు. అదే కరెంటును పక్కనున్న 100 నానోఫారడ్ల కెపాసిటర్ అందిస్తే, ఆ 5 నానోసెకన్లలో దాని వోల్టేజి 2-3 మిల్లీవోల్టులకు మించి తగ్గదు.

అమరిక

కెపాసిటర్ విలువ కంటే దానిని పెట్టే చోటు ముఖ్యం. దూరంగా పెడితే మధ్యనున్న ట్రాకు అదే ప్రేరకత్వాన్ని మళ్ళీ తెచ్చిపెడుతుంది. 28 పిన్నుల ఏటీమెగా328పి డిప్ చిప్పులో సరఫరాకు 7వ పిన్ను, గ్రౌండుకు 8వ పిన్ను పక్కపక్కనే ఉన్నందున అమరిక సులభం. అనలాగ్ విభాగపు సరఫరా అవతలి వరుసలోని 20వ పిన్ను వద్ద ఉంటుంది కనుక దానికి వేరొకటి కావాలి. చిన్న బోర్డులలో చోటు చాలదని రెండవదానిని వదిలివేయడం కంటే బోర్డు వెనుకవైపున అమర్చడం మేలు. బోర్డుకు సరఫరా ప్రవేశించే చోట సుమారు 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్ కూడా కలుపుతారు. నెమ్మదిగా మారే కరెంటు అవసరాలను ఇది తీరుస్తుంది.