తీగ కోసం కొలిచిన లోతు

సముద్రపు అడుగు మనకు తెలిసింది శాస్త్రవేత్తల జిజ్ఞాస వల్లనే అనుకోవడం మామూలు. నడిసముద్రంలోకి కొలతతాడు దింపించింది మాత్రం ఎక్కువగా టెలిగ్రాఫ్ తీగ. ఓడ నడిపేవాడికి ఒడ్డు దగ్గర లోతు తెలిస్తే చాలు, నడిమధ్యన ఓడకు ఎలాగూ నేల తగలదు. అక్కడి అడుగుతో పని పడింది దానిమీద తీగ పరవాలనుకున్నాకే. 1854లో అమెరికా నౌకాదళ అధికారి మాథ్యూ మౌరీ ఉత్తర అట్లాంటిక్ అడుగుకు పటం గీసి, ఐర్లండ్‌కూ న్యూఫౌండ్లాండ్‌కూ నడుమ తీగకు అనువైన పీఠభూమి ఉందన్నాడు. 1858లో వేసిన తొలి తీగ కొద్ది వారాలకే మూగబోయింది. నిలకడైన సంబంధం 1866లో గానీ కుదరలేదు.

దీనికి ఎదురు ఉదాహరణగా చాలెంజర్ యాత్రను చూపించవచ్చు. 1872 నుంచి 1876 దాకా తిరిగిన ఆ బ్రిటిష్ ఓడ విజ్ఞానం కోసమే బయల్దేరింది, కాదనలేం. మరియానా దీవుల వైపు 8,184 మీటర్ల లోతును కొలిచింది కూడా. కానీ అంత అడుగున వెతకదగ్గది ఉందన్న నమ్మకం ఎక్కడిది? 300 బారల కింద ప్రాణి ఉండదని 1840లలో ప్రకృతి శాస్త్రవేత్త ఎడ్వర్డ్ ఫోర్బ్స్ ఊహిస్తే చాలామంది నమ్మారు. 1860లో సార్డీనియాకూ ఆఫ్రికా తీరానికీ మధ్య తెగిన తీగను పైకి లాగితే, సుమారు 2,000 మీటర్ల కింద పడి ఉన్న భాగానికి పగడాలు, ఆల్చిప్పలు అంటుకుని వచ్చాయి. వలలో పడ్డ జీవి దారిలో ఏ లోతున చిక్కిందోనని వాదించవచ్చు. తీగకు అతుక్కుని పెరిగినదాని విషయంలో ఆ వాదన చెల్లదు. నార్వేలో జీవశాస్త్రజ్ఞులైన సార్స్ తండ్రీకొడుకులు లోతుల నుంచి వెలికితీసిన జీవులకూ ఆ నమ్మకం కుదర్చడంలో వాటా ఉంది, అది ఒప్పుకోవాలి.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం మరొకటి: అంకెలు పోగైనంత మాత్రాన పటం కాదు. 1950ల మొదట్లో న్యూయార్క్ దగ్గరి లామాంట్ అబ్జర్వేటరీలో మేరీ థార్ప్, ఆడవాళ్లను పరిశోధన ఓడ ఎక్కనివ్వని రోజుల్లో, ఇతరులు తెచ్చిన ప్రతిధ్వని కొలతలతోనే అట్లాంటిక్ నడిమి పర్వతశ్రేణి నెత్తిన పొడుగాటి లోయను పసిగట్టింది. ఆ చూపు ఆమెదే, ఏ కంపెనీదీ కాదు. అయితే మొదట కొట్టిపారేసిన సహచరుడు బ్రూస్ హీజెన్‌ను ఒప్పించింది, పక్కబల్ల మీద టెలిఫోన్ కంపెనీకి చెందిన బెల్ లేబొరేటరీస్ పని కోసం, తీగలు తెగే ప్రమాదాన్ని అంచనా కట్టడానికి తయారవుతున్న భూకంపాల పటం. రెండూ కలిపి చూస్తే భూకంపాలు ఆ లోయ వెంటే బారులు తీరాయి. వాళ్ల ఉత్తర అట్లాంటిక్ చిత్రం 1957లో ముందుగా అచ్చయింది కూడా బెల్ వారి సాంకేతిక పత్రికలోనే. అందులో లోతుల గీతలకు బదులు కొండలూ లోయలూ బొమ్మకట్టి ఉండటానికి ఒక కారణం, కచ్చితమైన లోతుల్ని అమెరికా నౌకాదళం రహస్యంగా ఉంచడమే.