కడుపులోనే తగిలే దెబ్బ: ఎఫ్‌ఏఎస్‌డీ పిల్లలకు, కుటుంబాలకు ఆసరా ఎలా?

గర్భిణి తాగిన మద్యం మాయ దాటి నేరుగా బిడ్డ రక్తంలోకి చేరుతుంది. దాన్ని తట్టుకునేంతగా బిడ్డ కాలేయం ఎదిగి ఉండదు. దీంతో మెదడు ఎదుగుదలలో వచ్చే లోపాలన్నింటినీ కలిపి ‘ఫీటల్ ఆల్కహాల్ స్పెక్ట్రమ్ డిజార్డర్స్’ అంటారు. ఫ్రాన్స్‌లో పాల్ లెమ్వాన్ 1968లోనే 127 మంది పిల్లల గురించి రాసినా పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1973లో అమెరికాలోని సియాటిల్ డాక్టర్లు దీనికి పేరు పెట్టాకే అందరి దృష్టీ పడింది. కల్లయినా, బీరైనా, బ్రాందీ అయినా ఒకటే. గర్భంతో ఉన్నప్పుడు ఇంతైతే పర్వాలేదు అనే లెక్కే లేదు.

ఇక్కడ చిక్కేమిటంటే, చాలామంది పిల్లల ముఖంలో ఏ తేడా కనిపించదు. మాటలు బాగానే చెబుతారు. కానీ నిన్న వచ్చిన ఎక్కం ఇవాళ రాదు, డబ్బు లెక్క తెలియదు, ఎవరేం చెప్పినా నమ్మేస్తారు. చేసిన పనికీ, పడిన శిక్షకూ సంబంధం అర్థం కాదు. అందుకే కొడితే దారికొస్తాడన్న మాట వీళ్ల దగ్గర అస్సలు పనిచేయదు. మొండితనం అనుకునేది చాలాసార్లు చేతకానితనమే.

మార్చాల్సింది పిల్లాడి చుట్టూ ఉన్న పద్ధతిని. ఒకసారికి ఒక్క పనే చెప్పాలి. రోజూ అదే వేళకు అదే పని ఉండాలి, బొమ్మలతో గుర్తుచేయాలి, గోల తక్కువగా ఉండాలి. పెద్దయ్యాక కూడా డబ్బు, స్నేహాల విషయంలో ఒకరి తోడు కావాలి. ఇది నయమయ్యే జబ్బు కాదు. అయితే ఆరేళ్లలోపే గుర్తించి, నిలకడైన ఇంట్లో పెరిగిన పిల్లలు బడి మానేయడం, పోలీసు కేసుల్లో ఇరుక్కోవడం లాంటి వాటి నుంచి ఎక్కువగా తప్పించుకున్నారని ఆన్ స్ట్రైస్‌గుత్ బృందం 1996లో తేల్చింది.

గుర్తించాలంటే తల్లి నోరు విప్పాలి. పరువు పోతుందని, అత్తింటివాళ్లు నిందిస్తారని ఆమె దాచేస్తుంది. గర్భం వచ్చిందని తెలియకముందే తాగినవాళ్లూ ఉంటారు. భర్త పక్కన కూర్చుని తాగే ఇంట్లో ఆమె ఒక్కతే మానడం ఎంత కష్టమో వేరే చెప్పాలా? సియాటిల్‌లో 1991లో మొదలైన ఒక పథకంలో కార్యకర్త మూడేళ్లపాటు ఇంటికే వచ్చి ఇలాంటి తల్లికి తోడుంటుంది. చికిత్స, ఇల్లు, పిల్లల వైద్యం అన్నీ చూస్తుంది.

మన దగ్గర 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఎఫ్‌ఏఎస్‌డీ పేరు విడిగా లేదు. మేధో వైకల్యం, అభ్యసన వైకల్యం కింద అర్హత ఉంటే సదరం సర్టిఫికెట్‌కు వెళ్లొచ్చు. జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల్లోనూ, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థలోనూ పిల్లలను చూపించొచ్చు. వెళ్లేటప్పుడు గర్భంలో మద్యం సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి, అడిగేదాకా ఆగొద్దు.