గాలిని కల్పించుకొనే ఓడ

మా తనకల్లు ప్రాంతంలో వేరుశనగ తూర్పారపట్టే రైతు చేట ఎత్తుకొని గాలి కొరకు ఎదురుచూస్తాడు. గాలి రాకపోతే పని సాగదు. ఓడ మీదినుండి యుద్ధవిమానాన్ని ఎగురవేసేవారికి కూడ గాలి కావలెను. అయితే వారు ఎదురుచూడరు. ఓడను గాలికి ఎదురుగా పరుగెత్తిస్తారు. ఓడ పరుగెత్తలేకపోతే? 1971 డిసెంబరులో మన విమానవాహక నౌక విక్రాంత్‌కు వచ్చిన చిక్కు ఇదే.

విక్రాంత్ 1961లో మన నౌకాదళంలో చేరింది. దాని నాలుగు బాయిలర్లలో ఒకదానికి పగుళ్ళు వచ్చినందున వేగం తగ్గించవలసి వచ్చింది. పైగా విమానాన్ని ముందుకు విసిరే కాటపుల్ట్ యంత్రానికి కూడ ఆ బాయిలర్ల ఆవిరియే ఆధారం.

తరగతిలో ఈ లెక్క చేయించవచ్చును. అంకెలు సౌలభ్యం కొరకు నేను ఎన్నుకొన్నవి. విమానం లేవటానికి గాలితో పోల్చిన వేగం 120 నాట్లు కావలెననుకొందాము (ఒక నాట్ అనగా గంటకు 1.85 కిలోమీటర్లు). కాటపుల్ట్ 95 ఇస్తే, మిగిలిన 25 ఓడ, గాలి కలిసి ఇవ్వాలి. సముద్రం మీద గాలి స్తంభించి, ఓడ 16 మాత్రమే ఇస్తే మొత్తం 111. రెక్కల ఎత్తుడుబలం వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది గనుక విమానం మోయగల బరువు సుమారు 14 శాతం తగ్గుతుంది. ఏడువేల కిలోల విమానానికి ఇది దాదాపు వేయి కిలోలు! ఏది దింపాలి? బాంబులు దింపితే వెళ్ళి ప్రయోజనం లేదు. ఇంధనం దింపితే తిరిగిరావటం అనుమానం.

ఇటువంటి ఓడ మీదినుండి సీహాక్ జెట్ విమానాల 300వ స్క్వాడ్రన్‌ను నడిపినవాడు లెఫ్టినెంట్ కమాండర్ సంతోష్ కుమార్ గుప్తా. విక్రాంత్‌ను వెదకుతూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ డిసెంబరు 3, 4 తేదీల నడుమ రాత్రి మన విశాఖపట్నం రేవు ముందర మునిగిపోయింది. విక్రాంత్ అప్పుడు అక్కడ లేనే లేదు. అంతకుముందే అండమాన్ దీవులకు తరలించి దాచినారు. 4వ తేదీ ఉదయం సీహాక్‌లు కాక్స్ బజార్ విమానాశ్రయం మీద విరుచుకుపడ్డాయి, ఆ పిమ్మట చిట్టగాంగ్ మీద. తరువాతి రోజులలో ఖుల్నా, మంగ్లా రేవుల వంతు వచ్చింది. గుప్తా పదకొండు దాడులకు స్వయంగా నాయకత్వం వహించాడు. శత్రువుల విమానవిధ్వంసక గుండ్లు తన విమానానికి తగిలినా వెనుదీయలేదు. ఆయనకు మహావీరచక్రం లభించింది.

ధైర్యమంటే ఎగిరిపోవటమేనని మా విద్యార్థులు అనుకొంటారు. దిగటం మరింత కష్టం. విమానం తోకకొంకి ఓడమీద అడ్డంగా కట్టిన ఉక్కు తీగెను పట్టుకోవాలి. పై లెక్కనే తీసుకొంటే, 25 నాట్ల ఎదురుగాలి ఉన్నప్పుడు ఓడతో పోల్చిన విమానవేగం 95. 16 మాత్రమే ఉన్నప్పుడు 104. గతిశక్తి వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది గనుక తీగె ఆపవలసిన శక్తి సుమారు 20 శాతం పెరుగుతుంది. నడివయసు దాటిన ఓడ, బాగుకాని బాయిలర్, అలలపై ఊగే నేల. ఐనను ఆ యుద్ధంలో విక్రాంత్ ఒక్క సీహాక్‌ను కూడ పోగొట్టుకోలేదు.