నాందేడ్ జిల్లా స్వచ్ఛంద విద్యాసంఘాలు

నాందేడ్ జిల్లా తెలంగాణకు సరిహద్దున, గోదావరికి రెండు వైపులా ఉన్న మరాఠ్వాడా జిల్లా. 2011 జనగణన ప్రకారం జనాభా 33,61,292, అక్షరాస్యత 75 శాతం పైచిలుకు. ఇక్కడి హైస్కూలు, కాలేజీ చదువుల్లో ఎక్కువ భాగం స్థానికులు సొసైటీలుగా ఏర్పడి నడిపిన సంఘాల చలవే. మరాఠీలో వీటిని ‘శిక్షణ్ సంస్థ’లంటారు. జీతాలకు గ్రాంటు ప్రభుత్వం ఇస్తుంది, పిల్లల్ని చేర్చుకునే బాధ్యత, బడి నడిపే బరువు సంఘానివి. 1950 నుంచి ఈ సంఘాల నడకను చూస్తే ఒక వరస కనిపిస్తుంది. ఒక తరం తెరిచిన తలుపు దగ్గర ఎవరో కొందరు బయటే నిలబడిపోతారు. వాళ్ళకోసం తర్వాతి తరం ఇంకో తలుపు తెరుస్తుంది. ఈ వ్యాసం ఆ తలుపుల చరిత్ర.

నేపథ్యం

1956 నవంబరు 1 దాకా నాందేడ్ హైదరాబాద్ రాష్ట్రంలోని జిల్లా. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలయ్యాక పై చదువు అంటే ఉర్దూ, ఉర్దూ అంటే హైదరాబాద్ ప్రయాణం. ఇంట్లో మరాఠీయో తెలుగో మాట్లాడే పిల్లవాడు నాలుగు తరగతులు దాటేసరికి ఉర్దూ ముందు నిలబడాల్సి వచ్చేది. సొంతంగా బడి పెట్టుకుందామంటే ‘ఖాన్గీ’ (ప్రైవేటు) పాఠశాలలకు సర్కారు అనుమతి కావాలి. ఈ ఆంక్షలు ఎత్తివేయాలని తెలంగాణలో ఆంధ్ర మహాసభ తీర్మానాలు చేసిన సంగతి తెలుగు పాఠకులకు తెలిసిందే. అదే గొడవ మరాఠ్వాడాలోనూ నడిచింది. 1951 జనగణన నాటికి హైదరాబాద్ రాష్ట్రంలో అక్షరాస్యత పది శాతం కూడా లేదు.

అప్పటికే మహారాష్ట్రలో మరోవైపు ఒక నమూనా ఉంది. 1919లో కర్మవీర్ భావురావ్ పాటిల్ స్థాపించిన రయత్ శిక్షణ్ సంస్థ సతారాలో అన్ని కులాల పిల్లల్నీ ఒకే వసతి గృహంలో ఉంచి, ఒకే పంక్తిలో అన్నం పెట్టింది. పనిచేస్తూ చదువుకునే పద్ధతిని వాడుకలోకి తెచ్చింది. ఇదే కాలంలో హైదరాబాద్‌లో వెలసిన వసతి గృహాలకు కులాల పేర్లే ఎక్కువ. రెడ్డి హాస్టల్ వంటివి చేసిన మేలు తక్కువేమీ కాదు. అయితే నాందేడ్ సంఘాలు తర్వాత పట్టుకున్నది సతారా దారిని.

1950: పీపుల్స్ కాలేజీ

స్వామి రామానంద తీర్థ (1903–1972) పూర్వాశ్రమంలో వ్యంకటేశ్ ఖేడ్గీకర్. విజయపుర ప్రాంతంలో పుట్టారు. హిప్పర్గాలోని జాతీయ పాఠశాలలో ఉపాధ్యాయుడిగా పనిచేసి, సన్యాసం తీసుకుని, ఆ తర్వాత అంబాజోగాయిలో బడి నడిపారు. 1938లో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహంతో జైలుకు వెళ్ళిన ఈయన రాజకీయాల్లోకి బడిపంతులుగానే వచ్చారు. అదే ఏడాది ఉస్మానియాలో వందేమాతరం పాడి బహిష్కృతులైన విద్యార్థులు నాగపూర్ వెళ్ళి చదువు పూర్తి చేసుకోవాల్సి వచ్చింది. వాళ్ళలో ఒకరు, ఆ తర్వాత స్వామీజీకి శిష్యుడైన పి.వి. నరసింహారావు.

నిజాం పాలనను ముగించిన పోలీసు చర్య జరిగి రెండేళ్ళు తిరక్కుండానే, 1950లో, స్వామీజీ నాయకత్వంలో నాందేడ్ ఎడ్యుకేషన్ సొసైటీ పీపుల్స్ కాలేజీని ప్రారంభించింది. ‘ప్రజల కాలేజీ’ అనే పేరు ఊరికే పెట్టింది కాదు. ఏ దాత పేరూ, ఏ కులం పేరూ, ఏ దేవుడి పేరూ దానికి లేదు. సరిగ్గా ఆ సంవత్సరమే డాక్టర్ అంబేడ్కర్ పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ ఔరంగాబాద్‌లో మరాఠ్వాడా దళిత విద్యార్థులకు ఆసరాగా కాలేజీ తెరిచింది. తర్వాతి కాలంలో దానికి మిలింద్ మహావిద్యాలయమని పేరొచ్చింది. ఇక్కడ కాలేజీ పేరులో, అక్కడ సంఘం పేరులో ‘పీపుల్స్’ ఉండటం యాదృచ్ఛికమే అయినా, ఆ ఏడు మరాఠ్వాడా గాలి ఎటు వీచిందో చెప్పడానికి అది చాలు. అప్పటికి రాష్ట్రంలో ఉన్నది ఒక్క ఉస్మానియా విశ్వవిద్యాలయమే. ఔరంగాబాద్‌లో మరాఠ్వాడా విశ్వవిద్యాలయం వచ్చింది 1958 ఆగస్టు 23న.

ఈ కాలేజీ పేరు మహారాష్ట్ర అంతటా వినిపించేలా చేసిన మనిషి నరహర్ కురుంద్కర్ (1932–1982). హైదరాబాద్ సిటీ కాలేజీలో చదివిన ఈయన తర్వాతి కాలంలో మరాఠీ ఆలోచనాపరుల్లో పెద్ద తలకాయ. అయినా పరీక్షలు ఆయనకు ఎన్నడూ కలిసి రాలేదు. నాందేడ్‌లో ప్రతిభా నికేతన్ హైస్కూల్లో టీచరుగా ఉంటూ, ఎం.ఏ. ఆలస్యంగా పూర్తిచేసి, 1963లో పీపుల్స్ కాలేజీలో అధ్యాపకుడయ్యారు. ఆపై ప్రిన్సిపాల్ కూడా అయ్యారు. మార్కుల మెమో చూసి మనిషిని తూచే సంస్థ అయితే కురుంద్కర్‌ను గుమ్మం దగ్గరే ఆపేసి ఉండేది. ఈ సంఘం ఆ పని చేయకపోవడం దాని చరిత్రలో చిన్న విషయమేమీ కాదు. 1982 ఫిబ్రవరి 10న ఔరంగాబాద్‌లో ఒక సభావేదిక మీదే ఆయన కన్నుమూశారు.

తాలూకాలకు, పల్లెలకు

కాలేజీ పట్నంలో ఉంటే పల్లె పిల్లవాడికి మొదటి అడ్డంకి ఫీజు కాదు, రాత్రి ఎక్కడ పడుకోవాలన్నది. కంధార్‌లో రైతు కూలీ పక్ష నాయకుడు భాయి కేశవరావ్ ధోండ్గే పెట్టిన సంస్థ పేరు శ్రీ శివాజీ మోఫత్ ఎడ్యుకేషన్ సొసైటీ. మరాఠీ ‘మోఫత్’ అంటే ఉచితం. సంస్థ పేరులోనే ఫీజు లేదని రాసిపెట్టుకున్నారన్నమాట. ధోండ్గే 1977లో నాందేడ్ నుంచి లోక్‌సభకు వెళ్ళారు, నూరేళ్ళు దాటి బతికి 2023 జనవరి 1న మరణించారు. కాంగ్రెస్ నాయకుడు శంకర్‌రావ్ చవాన్‌తో ముడిపడ్డ శారదా భవన్ ఎడ్యుకేషన్ సొసైటీ 1963లో నాందేడ్‌లో యశవంత్ మహావిద్యాలయం తెరిచింది.

మన పాఠకులకు దగ్గరగా అనిపించే సంస్థ మాత్రం సగ్రోళిది. బిలోలి తాలూకాలో మంజీర ఒడ్డున, తెలంగాణ పొలిమేరలో ఉన్న ఊరు ఇది. కర్మయోగి బాబాసాహెబ్ దేశ్‌ముఖ్ 1959లో ఇక్కడ సంస్కృతి సంవర్ధన్ మండల్ స్థాపించారు. పట్నానికి పిల్లల్ని పంపే బదులు పల్లెలోనే ఆశ్రమ పద్ధతి బడి పెట్టాలన్నది ఆలోచన. కాలక్రమంలో దీనికి వసతి పాఠశాలలు, సైనికీ విద్యాలయ, కృషి విజ్ఞాన కేంద్రం తోడయ్యాయి. కృషి విజ్ఞాన కేంద్రాలు దేశంలో మొదట 1974లో పుదుచ్చేరిలో వచ్చాయి. వాటిలో కొన్నింటిని స్వచ్ఛంద సంస్థలకు అప్పగించారు. పది తప్పిన కుర్రవాడికి తిరిగి బడి గురించి చెప్పడం కన్నా విత్తనశుద్ధి, మేకల పెంపకం, బిందుసేద్యం చేతికి నేర్పడమే అక్కరకొస్తుందన్నది ఈ కేంద్రాల లెక్క. బడి, పొలం, ఆటస్థలం ఒకే ఆవరణలో ఉండటం సగ్రోళి పద్ధతికి గుర్తు.

సరిహద్దు, భాష

1956 రాష్ట్రాల పునర్విభజన ఈ జిల్లాను కత్తిరించి కుట్టింది. దెగ్లూర్ తాలూకా నుంచి బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళు, ముధోల్ తాలూకా నుంచి ముధోల్, భైంసా, కుబేర్ సర్కిళ్ళు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. ఆదిలాబాద్ నుంచి కిన్వట్ తాలూకా, ఇస్లాపూర్ సర్కిల్ ఇటు వచ్చాయి. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్‌లలో తెలుగు ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. పద్మశాలీలు, మున్నూరు కాపులు, కోమట్లు ఇంటిపేరు చివర ‘వార్’ తగిలించుకుని మరాఠీ రిజిస్టర్లలో కనిపిస్తారు. అది మన ‘వారు’ అని చెబితేగాని గుర్తుపట్టం.

కిన్వట్, మాహూర్ కొండల్లో గోండులు, కొలాములు, ఆంధ్, ప్రధాన్ తెగలవారు, తండాల్లో బంజారాలు ఉన్నారు. ఈ పిల్లల్లో చాలామందికి బడి భాష మరాఠీ ఇంటి భాష కాదు. నిజాం కాలంలో మరాఠీ పిల్లవాడికి ఉర్దూ పెట్టిన అవస్థనే మరాఠీ బడి గోండు పిల్లకు పెట్టింది. ఆశ్రమశాలలు తిండి, పడక సమస్యను తీర్చాయి గానీ, భాష సంగతిని చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. సంఘాల చరిత్రలో ఇదొక వెలితి.

పేరు కోసం పోరు

1978 జులై 27న మహారాష్ట్ర శాసనసభ, మండలి మరాఠ్వాడా విశ్వవిద్యాలయానికి డాక్టర్ అంబేడ్కర్ పేరు పెట్టాలని తీర్మానించాయి. వెంటనే మరాఠ్వాడాలో దళితవాడల మీద దాడులు జరిగాయి. నాందేడ్ జిల్లా బాగా దెబ్బతిన్నచోట్లలో ఒకటి. బిలోలి తాలూకా టెంభుర్ణీలో పోచీరాం కాంబ్లేను చంపేశారు. ఆ పేరులో పోచమ్మ వినపడుతుంది. తెలుగు నేల అక్కడికి ఎంత దగ్గరో ఆ పేరే చెబుతుంది. దాడుల్లో చదువుకున్న యువకులూ ఉన్నారన్నది సంఘాలు మింగలేని నిజం. పాతికేళ్ళుగా అన్ని కులాల పిల్లల్నీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టిన జిల్లాలో ఇది జరిగింది. పేరు మార్పును సమర్థించిన సవర్ణ మేధావుల్లో కురుంద్కర్ ఒకరు. 1993 నవంబరులో గౌతమ్ వాఘ్మారే నాందేడ్‌లో ఒంటికి నిప్పంటించుకున్నారు. 1994 జనవరి 14న పేరు మారింది. అదే ఏడు సెప్టెంబరు 17న, మరాఠ్వాడా విమోచన దినాన, నాందేడ్, లాతూర్, పర్భణీ ప్రాంతానికి స్వామి రామానంద తీర్థ మరాఠ్వాడా విశ్వవిద్యాలయం నాందేడ్‌లో ఏర్పడింది. పర్భణీ నుంచి హింగోళి తర్వాత విడి జిల్లా కావడంతో ఇప్పుడు దాని పరిధి నాలుగు జిల్లాలు.

‘శిక్షణ్ సమ్రాట్’ల కాలం

1983లో మహారాష్ట్ర ప్రభుత్వం గ్రాంటు లేని ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలకు అనుమతినివ్వడంతో సొసైటీ అన్న మాట అర్థమే మారిపోయింది. రాజకీయ కుటుంబాల చేతుల్లో పదుల కొద్దీ సంస్థలు పోగుపడ్డాయి. జనం వాళ్ళకు ‘శిక్షణ్ సమ్రాట్’లని పేరుపెట్టారు, మెచ్చుకోలు కన్నా వెటకారమే ఎక్కువగా. చట్టం దృష్టిలో అన్నీ ఒకటే: సొసైటీల చట్టం కింద ఒక రిజిస్ట్రేషను, పబ్లిక్ ట్రస్టుల చట్టం కింద మరొకటి, ఏటా ఆడిట్. లాభం పంచుకోకూడదు. పిల్లవాడు డబ్బు కట్టి చేరాడా, కట్టకుండా చేరాడా అన్నది మాత్రం ఆ కాగితాల్లో కనబడదు.

చెరకు కాలం, వసతి గృహం

ముఖేడ్, కంధార్ తాలూకాల తండాల్లో దసరా దాటగానే ఇళ్ళకు తాళాలు పడతాయి. మొగుడూ పెళ్ళాం కలిస్తే ఒక ‘కోయతా’, అంటే ఒక కొడవలి లెక్క. కూలీల్ని కుదిర్చే ముకాదం ఇచ్చిన బయానా తీర్చడానికి పశ్చిమ మహారాష్ట్రకో కర్ణాటకకో చెరకు కొట్టడానికి పోతారు. వేసవి మొదలయ్యేదాకా తిరిగి రారు. పిల్లలు వెంట పోతే సగం విద్యాసంవత్సరం గాలికి పోయినట్టే. ఆడపిల్ల అయితే తమ్ముణ్ణి ఎత్తుకుని గుడిసె దగ్గర కాపలా.

దీనికి దొరికిన మందు ‘హంగామీ వసతిగృహ’, సీజను హాస్టలు. తల్లిదండ్రులు వెళ్ళిన ఆ ఆరునెలలూ పిల్లలు ఊళ్ళోనే ఉంటారు. బడి యాజమాన్య సంఘమో స్వచ్ఛంద సంస్థో రెండు పూటలా వండిపెడుతుంది. ఖర్చు ప్రభుత్వానిది. కొన్నిచోట్ల అవ్వాతాతల ఇంట్లోనే పడుకుని, భోజనానికి మాత్రం వస్తారు. చూడ్డానికి చాలా చిన్న ఏర్పాటు. డబ్బు ఆలస్యమైతే వంట ఆగిపోతుంది, వంట ఆగితే పిల్ల బండెక్కుతుంది. రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా నాయకత్వంలోని ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ 1990లలో పనిపిల్లలకు శిబిరాలు నడిపి, వయసుకు తగ్గ తరగతిలో చేర్పించిన పద్ధతికి ఇది దగ్గరి చుట్టం. ఆ పనికి ఆమెకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది.

వికలాంగ పిల్లల విషయంలో సంఘాలు ఆలస్యంగా మేల్కొన్నాయి. 1995 చట్టం వచ్చేదాకా ఇది దయాదాక్షిణ్యాల వ్యవహారంగానే నడిచింది. 2016 చట్టం వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచి, మామూలు బడిలోనే వాళ్ళకూ చోటుండాలంది. గుమ్మానికి ర్యాంపు కట్టడం తేలికే. సైగభాష వచ్చిన టీచరు తాలూకా కేంద్రంలో దొరకడమే కష్టం.

ఇవతలి ఒడ్డు

స్వామి రామానంద తీర్థ 1972 జనవరి 22న హైదరాబాద్‌లో మరణించారు. 1990లలో పి.వి. చొరవతో పోచంపల్లి దగ్గర జలాల్‌పూర్‌లో ఆయన పేరిట గ్రామీణ సంస్థ ఏర్పడింది. పల్లె యువతకు అక్కడ బస ఇచ్చి చేతివృత్తులు నేర్పుతున్నారు. 1956లో నాందేడ్ నుంచి విడిపోయిన ముధోల్ ప్రాంతంలోని బాసరలో 2008లో రాజీవ్ గాంధీ సాంకేతిక విశ్వవిద్యాలయం వచ్చింది. పదో తరగతి మార్కులతోనే పల్లె పిల్లల్ని చేర్చుకునే సంస్థ అది. బాసరలో రైలెక్కితే కాసేపట్లో ధర్మాబాద్ స్టేషను. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ మాట్లాడే అక్కడి పిల్లలకు మాత్రం బాసరలోని సీట్లలో అత్యధికం అందవు. అవి తెలంగాణ స్థానికులవి. వాళ్ళు నాందేడ్ రైలెక్కుతారు.