గిన్నె, పాము, హితబోధ



మందుల షాపు బోర్డుల మీద, ఫార్మసీ కాలేజీల గుర్తుల్లో, గిన్నెను చుట్టుకొని దానివైపు తల వంచిన పాము బొమ్మ కనబడుతుంది. ఇది విగ్రహమే కదా, అక్కడ మందు కొనవచ్చునా అని విశ్వాసులు కొందరు అడుగుతుంటారు. ఏదెను తోటలోని సర్పము మనసులో ఉన్నవారికి ఆ సందేహం సహజమే. ఇలాంటి సందేహాలతో బీపీ బిళ్ళలు మానుకున్నవారూ ఉన్నారు గనుక ఆ బొమ్మ ఎక్కడిదో చూద్దాము.

ఆ గిన్నె హైజియాది. గ్రీకులు ఆరోగ్యదేవతగా కొలిచిన స్త్రీ ఆమె. వైద్యదేవుడైన అస్క్లేపియస్ కుమార్తె అని చెప్పుకునేవారు. తండ్రి చేతిలో కర్ర, దానికి చుట్టుకొని ఒక పాము. కుమార్తె మాత్రం గిన్నె పట్టుకొని పాముకు మేత పెడుతుంటుంది. (రెండు పాములు, పైన రెక్కలు ఉన్న కర్ర వేరు. అది హెర్మేది. లుస్త్రలో జనం పౌలును పిలిచినది ఆ పేరుతోనే.)

మిగతా గ్రీకు దేవతలకు యుద్ధాలు, పెళ్ళిళ్ళు, అసూయలు ఉన్నాయి. ఈమెకు చెప్పుకోదగ్గ కథే లేదు. ఆమె పేరుకు అర్థం "ఆరోగ్యం", అంతే. ఇంట్లో అందరూ వాడుకునే ఒక మాటకు ముఖం చెక్కి పూజించారన్నమాట. ఏథెన్సులో ఆ పేరు ఎథేనా దేవతకు బిరుదుగా కూడా ఉండేది.

క్రీ.పూ. 430లో ఆ పట్టణం మీద పెద్ద తెగులు పడింది. మరుసటి ఏడు నాయకుడైన పెరిక్లీసు కూడా మరణించాడు. పదేళ్ళకు, క్రీ.పూ. 420లో, అస్క్లేపియస్ పూజ ఏథెన్సుకు వచ్చింది. హైజియా కూడా అక్కడ అతని పక్కన నిలిచింది. తర్వాత ఎంతో కాలానికి, క్రీ.శ. 2వ శతాబ్దంలో, పౌసానియస్ అనే యాత్రికుడు టిటానే అనే ఊరిలో ఆమె ప్రతిమను చూడబోతే అది సరిగా కనబడనే లేదట. స్త్రీలు కోసి సమర్పించిన తలవెంట్రుకలు దాన్ని అంతగా కప్పేశాయి. వారిని చూసి నవ్వడం మావల్ల కాదు. ఆ వెంట్రుకల వెనుక జ్వరంతో పడుకున్న బిడ్డలు ఎందరో!

హైజియాకు పానకేయా అనే సహోదరి ఉంది. ఆ పేరుకు అర్థం సర్వరోగ నివారిణి. వైద్యుల హిప్పోక్రటీసు ప్రమాణం మొదట్లో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. రోగం వచ్చాక నయం చేయడం ఒకరిదైతే, రాకుండా కాపాడడం హైజియాది. మన పిల్లల పాఠాల్లోని "హైజీన్" ఆమె పేరున్న మాటే. ప్రకటన గ్రంథంలోని పెర్గములో అస్క్లేపియస్ గుడి చాలా పేరున్నది. ఆ ఊరివాడైన గాలెన్ అనే వైద్యుడు ఆరోగ్యరక్షణ మీద ఆరు పుస్తకాల గ్రంథం రాశాడు. అందులో వ్యాయామం, స్నానం, ఆహారం, నిద్ర గురించి ఉంటుంది. 1796లో పారిస్ ఫార్మసీ సంఘపు నాణెం మీదికెక్కిన ఈ గిన్నె నేడు మందుల వృత్తికి గుర్తు. దానికి ఎవరూ ధూపం వేయడం లేదు. మందు కొనుక్కోండి, వేళకు వేసుకోండి.

మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసినది మరొకటి. అపొస్తలులు ఆ దేవతను పట్టించుకోలేదు గాని, ఆ మాటను ఆమెకు వదిలిపెట్టలేదు. తిమోతికి, తీతుకు రాసిన పత్రికల్లో మనం "హితబోధ" అని చదివేచోట గ్రీకులో ఉన్నది "ఆరోగ్యకరమైన బోధ". అబద్ధ బోధకుల మాటలనైతే పౌలు కొరుకుపుండుతో పోల్చాడు. ఆరోగ్యముగలవారికి వైద్యుడు అక్కరలేదన్న ప్రభువు మాట దగ్గర మత్తయి, మార్కు "బలముగలవారు" అనే అర్థమిచ్చే గ్రీకు మాట వాడితే, వైద్యుడైన లూకా ఈ ఆరోగ్యపు మాటనే వాడాడు. తప్పిపోయిన కుమారుడు ఇంటికి చేరినప్పుడు పొలం నుండి వచ్చిన అన్నతో దాసుడు చెప్పే కబురులోనూ లూకా పెట్టినది అదే మాట. మన బైబిలులో అది "సురక్షితముగా" అని ఉంది.